పేరు పందెం

పోయిన నెల మనవణ్ణి వెతుక్కుంటూ కరీంనగర్‌లో రెండంతస్తుల మెట్లెక్కాను. మోకాళ్లు వద్దంటూనే ఉన్నాయి. కింద సెల్‌ఫోన్ల దుకాణం, నడుమ ఏదో కోచింగ్ సెంటరు, ఆ పైన పూల్ ఆడే హాలు. "అమ్మా, వాడు నా మాట వింటలేడు. పొద్దున లేస్తే ఆడనే పడి ఉంటుండు. నువ్వన్నా పోయి పట్టుకరా" అని నా బిడ్డ పంపింది. బడిలో కొన్ని వందల చెవులు మెలేసిన చేయి నాది, ఇరవై రెండేళ్ల కార్తీక్ ఒక లెక్కా అనుకుని పోయాను. లోపల ఏసీ చల్లగా తగిలింది. పచ్చగుడ్డ పరిచిన బల్లలు మూడు, వాటి మీద వేలాడే దీపాలు, గోడకు ఆనించిన పొడుగాటి కర్రలు. అక్కడున్న పిల్లలంతా మావాణ్ణి "అన్నా, అన్నా" అంటున్నారు. కర్ర కొసకు నీలం సుద్ద రాస్తూ వాడు బల్ల చుట్టూ తిరిగే తీరు చూసి నవ్వొచ్చింది. కొంచెం గర్వం కూడా వచ్చింది, అబద్ధమెందుకు.

బల్లకు అవతల బెంచీ మీద ముప్పై దాటిన మనిషొకడు కూర్చుని ఉన్నాడు. కనుబొమ్మల్లో తెల్లటి రాతి దుమ్ము, ఎర్రబడ్డ కళ్లు, మాటిమాటికీ అరచేతుల్తో మొహం రుద్దుకోవడం. మావాడు నా దగ్గరికొచ్చి గుసగుసగా అన్నాడు: "అమ్మమ్మా, జర ఆగు, గంటల అయిపోతది. పదివేల ఆట. ఆయన గ్రానైట్ ఫ్యాక్టరీల రాత్రి డ్యూటీ దిగి సీదా ఇటే వచ్చిండు. నిద్ర లేదు. మామూలుగైతే నాతోటి కాదు, కరీంనగర్ల ఆయన పేరు పెద్దది. ఇయ్యాల పట్టాల్సిందే." నా చేయి లేచింది. లేచింది గానీ కొట్టలేదు. వాడి చేతిలో కర్ర గుంజుకుని గోడకు పెట్టి, "నడువ్ ఇంటికి" అన్నాను. ఆ దుమ్ము మొహం మనిషికి నా మీద కోపమొచ్చింది. "ఏందమ్మా, నేను అడిగిన్నా ఆపుమని? నా ఆట నడుమ నువ్వెవలు?" అన్నాడు. నేను కార్తీక్ చేయి పట్టుకుని బయటికి లాక్కొచ్చాను. మెట్లు దిగేటప్పుడు, ఆటోలో కూర్చున్నాక, ఇంటి గేటు దగ్గర, మూడుసార్లు అడిగాడు కార్తీక్, "గంత కోపమెందుకొచ్చె అమ్మమ్మా?" అని. వాడికి చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

నేను పుట్టి పెరిగింది గోదావరిఖనిలో, బొగ్గుబాయి (గనిని మేం బాయి అంటాం) కార్మికుల క్వార్టర్లలో. రెండు గదులు, వెనక చిన్న వాకిలి, వాకిట్లో నీళ్లు పోసుకునే బండ. మా ఇంటికి గడియారం అక్కర్లేదు, బాయి సైరన్ కూతే మా గడియారం. మొదటి షిఫ్టు కూతకు మేం అవ్వ అని పిలిచే మా అమ్మ లేచి బొగ్గుల పొయ్యి రాజేసేది. ఒక్క మా ఇంట్లోనే కాదు, ఆ వరస ఇళ్ల లైను లైనంతా ఒక్కసారే రాజేసేవారు. ఆ పొగ మబ్బులా దిగి ముక్కులో కూర్చునేది. ఇప్పటికీ ఎక్కడైనా బొగ్గు రాజేసిన వాసన వస్తే నాకు ఆకలవుతుంది, ఏం చేయను! మా నాయన, మా బాపు, బాయిలోకి దిగిపోయాక ఇల్లు మెత్తబడేది. మళ్లీ ఆయన వచ్చే వేళకు అవ్వ పెద్ద గంగాళంలో నీళ్లు కాగబెట్టి ఉంచేది. బాపు గుమ్మంలోకి వస్తే కళ్లూ పళ్లూ తప్ప ఇంకేం తెలిసేది కాదు. ఎవ్వరితో మాట్లాడేవాడు కాదు, మేమూ పలకరించేవాళ్లం కాదు. బండ మీద గొంతుక్కూర్చుంటే అవ్వ బీరపీచుతో వీపు రుద్దేది. నల్లటి నీళ్లు మోరీ కాలవలోకి పోయి పోయి, చివరికి తెల్లబడేవి. అప్పుడు బాపు ఒక పెద్ద నిట్టూర్పు విడిచి, "ఏందే సుగుణా, ఏం సంగతి?" అనేవాడు. అప్పటికిగానీ మా బాపు మాకు ఇంటికొచ్చినట్టు కాదు.

క్వార్టర్లలో ఈ నీళ్లు పోసుకోవడం ఒక్క ఒళ్లు శుభ్రం కోసమే కాదు. బాయి నుంచి వచ్చిన మనిషితో, అతను నీళ్లు పోసుకుని బువ్వ తినేదాకా, అప్పు మాట ఎత్తరు, తగాదా పెట్టుకోరు, చావు కబురు కూడా చెప్పరు. పందెం అసలే ఆడరు. ఈ చివరిదానికి మాత్రం ఒక తిరకాసు ఉంది. ఆట ఆపే మాట ఎదురుగా కూర్చున్న ఆటగాడే అనాలి. "ముందుగాల నీళ్లు పోసుకొని రా" అని ఎదుటివాడు అంటే క్లబ్బు నిండా జనం కాచుకుని ఉన్నా సరే ఆట ఆగిపోయేది. అలిసి వచ్చినవాడు తన నోటితో అడగకూడదు. అడిగితే ఓడిపోతానని భయపడి సాకు వెతుకుతున్నాడనేవారు. చూసేవాళ్లు కల్పించుకోకూడదు. ఆ మాట ఇచ్చినా, మింగినా, బోర్డుకు అవతల కూర్చున్న ఆ ఒక్కరి ఇష్టమే. ఇది ఎవరు పెట్టారో నాకు తెలియదు, కానీ ఆ మాట మింగినవాడొకడున్నాడని నేను పెరిగిన ఇరవై ఏళ్లలో వినలేదు.

బోర్డు అంటున్నాను కదా, మా దగ్గర ఆట అంటే క్యారం. కార్మికుల క్లబ్బులో నాలుగు బోర్డులుండేవి. మూడింటి మీద చాయ్‌కి, బీడీకట్టకు, సరదాకు ఆడేవారు. నాలుగోది కిటికీ పక్కన, మిగతా వాటికంటే మందం చెక్క, అద్దంలా నున్నగా ఉండేది. దాని మీద పైసలు, చేతి గడియారాలు, సైకిళ్లు, ఒకసారైతే కొత్త రేడియో పందెం కాశారు. వీటన్నిటికంటే పెద్దది పేరు పందెం. దానికి పైసా లేదు. మూడు బోర్డులు ఆడాలి, రెండు గెలిచినవాడిది పేరు. ఆడకుండా నోటితో ఓడానని ఒప్పుకున్నా ఓటమే, కానీ అట్లా ఒప్పుకునేవాడెవడు? ఓడినవాడు బతికున్నన్నాళ్లు ఆ నాలుగో బోర్డు దగ్గర కూర్చోకూడదు. అంతే. సైకిలు పోతే ఇంకో సైకిలు కొనుక్కోవచ్చు గానీ, బాయిలో తోటివాళ్ల నడుమ తలెత్తుకు తిరిగే మనిషికి ఆ కూర్చునే జాగా పోతే ఏం మిగులుతుంది? అందుకే పేరు పందేలు ఏడాదికి ఒకటో రెండో జరిగేవి. జరిగిన రోజు చాయ్ హోటళ్లలో ఇంకో ముచ్చట ఉండేది కాదు.

మా బాపు కొమురయ్య ఆ పందెం ఒకటి ఓడిన మనిషే. ఓడింది ఓదెలు కాక చేతిలో. ఓదెలు కాక మాకు చుట్టం కాదు, బాపుతో ఒకే బాయిలో పనిచేసేవాడు. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కర్రదిమ్మెలు నిలబెట్టే టింబర్‌మన్. మాది మూడో లైను అయితే ఆయనది నాలుగో లైను మూలన, బస్టాండుకు పోయే దోవలో. పొట్టిగా, ఇంత లావు మణికట్లతో ఉండేవాడు. దిమ్మెలు ఎత్తే ఆ చేతులతో స్ట్రైకర్‌ను ఎంత మెల్లగా తోసేవాడంటే, తెల్ల కాయిన్ నిద్ర లేవకుండానే బోర్డు మూలనున్న జాలీలో పడేదని బాపే అనేవాడు. ఓడించినవాణ్ణి కూడా మెచ్చుకుంటాడు మా బాపు, మరునిమిషం తిడతాడు. ఓడిన తర్వాత కూడా బాపు రోజూ క్లబ్బుకు పోయేవాడు. నాలుగో బోర్డు దగ్గర నిలబడి చూసేవాడు, కూర్చునేవాడు కాదు. మూడేళ్లు అట్లా నిలబడే చూశాడు.

మరి నాకెట్లా వచ్చిందీ ఆట? బాపు బోనస్ వచ్చిన ఏడాది ఇంటికొక బోర్డు తెచ్చాడు. దాని మీద ఆయన ఆడింది తక్కువ, మేం ఆడింది ఎక్కువ. మధ్యాహ్నం మగవాళ్లు బాయిలో ఉంటే ఆడవాళ్లకు అదే వేళ. వంటలయ్యేవి, బట్టలు ఆరేసేవారు, నాలుగిళ్లవాళ్లు మా ముందు గదిలో చేరేవారు. అవ్వ ఆడేది కాదు. గోడకు ఆనుకుని బియ్యం ఏరుతూ కళ్లు ఎత్తకుండానే, "కట్ కొట్టు, కట్ కొట్టు, సీదా కొడితె తాకది" అనేది. చప్పుడు విని కాయిన్ ఎక్కడుందో చెప్పేది మా అవ్వ! సర్వపిండి తిన్న నూనె చేతులతో బోర్డు ముడితే మాత్రం చేతి మీద ఒక్కటి పడేది. పౌడర్ వాసన, సర్వపిండిలో నువ్వుల వాసన, కొబ్బరినూనె జడలు, ఆ గదంతా ఒక వాసన ఉండేది. ఇంటర్ అయిపోయేసరికి లైన్లో నాతో ఆడడానికి ఎవ్వరూ రాకుండా అయ్యారు. "నీతోని ఏం ఆడాలె, పోవే" అని తిట్టిపోసేవారు. తిట్లు తినడమంటే నాకు మహా ఇష్టంగా ఉండేది అప్పుడు.

నాకు కరీంనగర్లో టీచర్ ట్రైనింగ్ సీటు వచ్చింది. ఆ కాగితం పట్టుకుని వారం రోజులు బాపు వెనక తిరిగాను. బాపుది ఒకటే మాట. ఇచ్చోడలో మాకు దూరపు చుట్టాలున్నారు, వాళ్లకు కిరాణా దుకాణం ఉంది, పిల్లవాడు మంచివాడు, ఆదివారం చూడడానికి వస్తారు. "ఆడివిల్లను హాస్టల్ల పెట్టి నేను ఈడ బాయిల ఫికర్ తోటి సావాల్నా?" అనేవాడు. ఆ పిల్లవాడి మీద నాకు ఏ కోపమూ లేదు, ఇప్పటిదాకా అతని మొహం చూసిందీ లేదు. కానీ దుకాణంలో కూర్చుని పప్పు తూచే నన్ను తలుచుకుంటే ఏడుపొచ్చేది. అన్నం మానేశాను. అవ్వ నాకు దొంగచాటుగా మక్కజొన్న రవ్వతో వండిన గడుక పెట్టి, బాపు ముందర "పిల్ల మూడొద్దుల సంది మంచినీళ్లు ముట్టలే" అని కళ్లొత్తుకునేది.

ఆ వారంలోనే క్లబ్బులో ఓదెలు కాక ఒక మాట తూలాడు. "కొమురన్నా, నీ బిడ్డ ఆట ఎప్పుడన్నా చూసినవా? నీకంటె మంచిగ ఆడతది" అన్నాడట. నలభై మంది నవ్వారు. బాపుకు ఎక్కడ కాలాలో అక్కడే కాలింది. "అయితె దాని తోటి ఆడు, పేరు పందెం! నా బిడ్డ నిన్ను ఓడగొట్టిందా, కరీంనగర్ తోలిస్త. ఓడిందా, నోరు మూసుకొని ఇచ్చోడ పోతది" అన్నాడు. క్లబ్బులో అన్న మాట వెనక్కి తీసుకోవడం మా బాపుకు చేతకాదు. ఇంటికొచ్చి చెప్తే అవ్వ తిట్టిన తిట్లు నేనిక్కడ రాయను. ఆలోచిస్తే ఆ పందెంలో బాపుకు నష్టమే లేదు. నేను ఓడితే ఆయన మాట నెగ్గుతుంది, గెలిస్తే ఓదెలు కాక మీద పగ తీరుతుంది. ఈ సంగతి అవ్వ కూడా పట్టేసింది. "రెండు చేతుల లడ్డూలే నీకు, నడుమ నా బిడ్డ బతుకు" అంది. బాపు బీడీ ముట్టించుకుని బయటికి పోయాడు.

ఆట గురువారం సాయంత్రానికి పెట్టారు. శుక్రవారం కరీంనగర్లో చేరడానికి చివరి రోజు. ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి మీరు. ఆ రోజు ఓదెలు కాకది మొదటి షిఫ్టు. రెండింటికో మూడింటికో పైకి రావాలి, తాపీగా నీళ్లు పోసుకుని, తిని, పడుకుని అయిదింటికి క్లబ్బుకు రావాలి. కానీ లోపల ఏదో పని తెగక షిఫ్టు వాళ్లంతా ఆలస్యమయ్యారు. అయిదయింది, ఆరు కావస్తోంది. క్లబ్బులో ఆడపిల్ల అడుగుపెట్టడం అదే మొదటిసారి. నేను నీలం ఓణీ కొంగు నడుముకు దోపుకుని స్టూలు మీద కూర్చున్నాను. కిటికీ బయట అవ్వ, రాజవ్వ చిన్నమ్మ (ఓదెలు కాక భార్య), మా లైను ఆడవాళ్లందరూ. లోపల మగవాళ్లు ఒకరి మీద ఒకరు పడుతున్నారు. సైకిళ్లు, గడియారాలు పందేలు కాస్తున్నారు. నిజం చెప్పొద్దూ, నా మీద కాసినవాళ్లు ఇద్దరే.

అప్పుడొచ్చాడు ఓదెలు కాక. లాంపు రూములో దీపం అప్పగించి సీదా ఇటే వచ్చాడు. తలనుంచి కాళ్లదాకా బొగ్గు. ఎవరో స్టూలు జరిపారు, కూర్చున్నాడు. నా వైపు చూసి, "ఏం బిడ్డా, బువ్వ తిన్నవా?" అన్నాడు. తిన్నానన్నాను. స్ట్రైకర్ ముట్టకుండా నా వైపే చూశాడు. జనం కూడా నా వైపే చూస్తున్నారు. ఆ మాట నా నాలుక మీద ఉంది. గంట ఆలస్యమైతే ఏం పోయింది, అనొచ్చు. అంటాను అనుకుంటూనే కాయిన్లు సర్దడం మొదలుపెట్టాను. ముందుగా ఆయనే కొట్టాడు. మొదటి బోర్డు ఆయనదే. నాకు రెండే రెండు వంతులు దొరికాయి. జనం హోరు. బాపు మొహంలో ఏముందో నేను చూడలేదు.

రెండో బోర్డులో సగం దాటాక చూశాను. ఆయన పౌడర్ డబ్బాలో వేలు ముంచి బోర్డు మీద రుద్దాడు. చూపుడు వేలికి పౌడర్ అంటుకుని తెల్లబడింది. తెల్లబడ్డాక తెలిసింది, ఆ వేలు మిగతావాటికి రెండింతలుంది. కణుపు దగ్గర ఉబ్బి, పక్కకు ఒంగి ఉంది. దిమ్మె కింద పడిందో, ఏమైందో. బొగ్గు మసిలో ఎవ్వరికీ కనబడలేదు, చేయి కడిగితే అందరికీ కనబడేది. ఆయన నడిమి వేలితో కొడుతున్నాడని అప్పటిదాకా నాకు తట్టనే లేదు. ఆ బోర్డు నేను గెలిచాను. ఒకటికి ఒకటి. మూడో బోర్డుకు కాయిన్లు సర్దేముందు ఆయన నా మొహంలోకి చూశాడు. మామూలుగా చూడలేదు, కాచుకుని చూశాడు. నేను ఆ మాట అంటే ఆయన లేచి పోయి చేయి కడుగుతాడు, వేలు అందరూ చూస్తారు, ఆట పదిహేను రోజులకో నెలకో వాయిదా పడుతుంది. తెల్లవారితే శుక్రవారం. ఆదివారం ఇచ్చోడ వాళ్లు వస్తారు. ఇరవై ఏళ్ల పిల్లను, నా కళ్ల ముందు నా బతుకే కనబడింది, ఆయన వేలు కనబడలేదు. ఛీ, అబద్ధం. వేలు కూడా కనబడింది. నేను తల దించి పౌడర్ డబ్బా వైపు చూశాను.

మూడో బోర్డు చివర ఆయనవి రెండు కాయిన్లు, నావి మూడు, నడుమ రెడ్. ఆయన కాయిన్ ఒకటి జాలీ మూతి దగ్గరే ఉంది. మా లైన్లో ఏ చిన్న పిల్లను కూర్చోబెట్టినా వేసేస్తుంది. ఆయన కొట్టాడు. స్ట్రైకర్ పక్కకు జారి, కాయిన్‌ను ముట్టకుండా పోయి చెక్కకు కొట్టుకుంది. "అరెరె" అని క్లబ్బంతా ఒకే గొంతు. ఆ తర్వాత నేను రెడ్ వేశాను, వెంటనే దానికి ఫాలోగా నా కాయిన్ ఒకటి వేశాను, మిగిలిన రెండూ కట్‌తో వేశాను. బాపు ఎగిరి గంతేశాడు. కిటికీ దగ్గర అవ్వ ఏడ్చింది. ఓదెలు కాక లేచి, స్టూలును కాలితో మెల్లగా బోర్డు కిందికి జరిపి, "మంచిగ సదువుకో బిడ్డా" అని వెళ్లిపోయాడు. ఆ వేలు మరునాడు షిఫ్టులో దిమ్మె పడి విరిగిందని ఆయన డాక్టరుకు చెప్పాడట. ఆ సంగతి అవ్వ ఉత్తరంలో రాయిస్తే నేను హాస్టల్లో కూర్చుని చదివాను.

చదువయింది, ఉద్యోగమొచ్చింది, నచ్చినవాణ్ణే చేసుకున్నాను, ఇల్లు కట్టాను. ఆసిఫాబాద్ పక్క ఊళ్లలో, జగిత్యాల పక్క ఊళ్లలో ఎందరికో అక్షరాలు దిద్దించాను. ఖనికి పోయినప్పుడల్లా బస్టాండు నుంచి మా ఇంటికి నాలుగో లైను మూల మీదుగా దగ్గరి దోవ. నేను నీళ్ల ట్యాంకు చుట్టూ తిరిగి పోయేదాన్ని. ఎండలో, వానలో, చంటిపిల్లను చంకనేసుకుని కూడా తిరిగి పోయాను. "ఇంత దూరమెందుకే" అని అవ్వ అడిగితే, నడక మంచిదనేదాన్ని. ఓదెలు కాక క్లబ్బులో మళ్లీ కూర్చోలేదని బాపు చెప్పేవాడు. మొదట్లో గర్వంగా చెప్పేవాడు, కొన్నేళ్లకు దిగులుగా చెప్పేవాడు. ఆడపిల్ల చేతిలో ఓడినోడని కుర్రవాళ్లు ఆయన్ను ఎగతాళి చేసేవారట. బాపు పోయాడు, అవ్వ పోయింది, క్వార్టర్లు ఖాళీ అయ్యాయి. ఓదెలు కాక రిటైరై ఖని శివార్లలో ఇల్లు కట్టుకున్నాడని విన్నాను. పెన్షన్ తీసుకున్న ప్రతి నెలా ఆ వాచిన వేలు గుర్తొచ్చేది. నేను తినే బువ్వ ఆ వేలిదే అనిపించేది.

ఇప్పటి పిల్లల ఆటకూ మా ఆటకూ పోలిక పెట్టాలని కూర్చుంటే ఏం రాయాలో నాకు తెలియడం లేదు. ఆ పూల్ హాల్లో ఎవరు ఎక్కణ్ణుంచి వచ్చారో, తిన్నారో లేదో ఎవ్వరూ అడగరు. ఫోన్లో పైసలు అటునుంచి ఇటు దూకుతాయి, అయిపోయింది. మాకు అడగాలన్న నియమం ఉండేది, ఆ నియమం గొప్పదని నేను కార్తీక్‌కు గంటసేపు చెప్పగలను. కానీ ఆ నియమం నా ఒక్కదాని నోట్లో పెట్టినప్పుడు నేనే మింగేశాను కదా. మరి ఏ మొహంతో వాడి చేతిలో కర్ర గుంజుకున్నాను? మూడు రోజులు నిద్ర పట్టక, నాలుగో రోజు ఖని బస్సెక్కాను.

ఓదెలు కాక వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఎనభై దాటాయి, చూపు మందగించింది. మణికట్లు మాత్రం అంతే లావు. "కాకా, నేను సుగుణను" అన్నాను. "ఎరుకే. గొంతు వినంగనే ఎరుకైంది. కూసో. కాళ్లు నొస్తున్నయా ఏంది, నడక చప్పుడు మారింది" అన్నాడు. రాజవ్వ చిన్నమ్మ నన్ను పట్టుకుని ఏడ్చి, చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది. నేను కుశలప్రశ్నలు వేయలేదు. వేస్తే మళ్లీ తప్పించుకుంటానని భయం.

"ఆనాడు నీ వేలు చూసిన కాకా" అన్నాను.

"చూసినవని నాకెరుకే."

"ఎరికుండి ఎందుకాడినవ్?"

"నేనెట్లంట? అడుగుడు నా వంతు కాదాయె. మూడో బోర్డుకు ముందు నీ మొఖం దిక్కు చూసిన. అంటవనుకున్న. నువ్వు పౌడర్ డబ్బా దిక్కు చూసినవ్."

నాకు ఏడుపొచ్చింది. డెబ్బయ్యికి దగ్గరపడ్డ మనిషిని, వెక్కి వెక్కి ఏడ్చాను. "తెల్లారితె చివరిరోజు కాకా. ఆట ఆగితె నా బతుకు ఇచ్చోడల పడుతుండె. నీ పేరు తీసుకొని బతికిన నేను" అన్నాను.

ఆయనకు కోపమొచ్చింది. నన్ను కోప్పడడం అదే మొదటిసారి. "శుక్రారం సంగతి నాకెరుక లేదా? మీ బాపు బాయిల రోజూ అదే పురాణం చెప్తుండె. నువ్వు గా ఒక్క మాట అంటె, నేను చెయ్యి కడిగి అందరికి చూపెట్టి ఏమంటుంటి ఎరుకనా? కొమురన్నా, చెయ్యి మంచిగున్నా గీ పిల్ల కట్ నాకు అందది, నేను ఓడిన్నని ఒప్పుకుంటున్న, దాన్ని సదువుకు తోలియ్యి అంటుంటి. నోటితోటి ఓడుడు సుత మన ఆటల ఉండె గదనే! మీ ఇంటి కిటికి సందుల నుంచి నీ ఆట ఎన్నిసార్లు చూసిననో నీకేం ఎరుక? నువ్వు గెలిచేదానివే. నీకే నమ్మకం లేకపాయె."

"నన్ను సముదాయించనీకి అంటున్నవు కాకా."

"నిన్ను సముదాయిస్తె నాకేమన్న ఫాయిదానా? బోర్డు పోయిందని నేను ఏడ్వలే. పోరగాండ్లు నవ్విండ్రని సుత ఏడ్వలే." రాజవ్వ చిన్నమ్మ చాయ్ గ్లాసులతో గడపలో నిలబడి వింటోంది. "గింత పెద్ద ఖనిల నా ఆటకు సరిజోడు ఒక్క పిల్ల దొరికె. గామె గెలిచినంక మా ఇంటి ముంగట నుంచి నడుసుడే బందు పెట్టె. క్లబ్బు బోర్డు పోతె పోయింది, మా ఇంట్ల బోర్డు లేకుండెనా? యాభై ఏండ్ల సంది నేను ఎవ్వరితోని ఆడాల్నే, చెప్పు?"